వెర్రివాడి గీత

చచ్చిపోయినవాడి మీద అసూయపడటం చిన్నతనమని మా పాస్టరుగారు ఒకసారి నాకు నచ్చజెప్పబోయాడు. ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు. ఆయనేం రాస్కో భార్యను పెళ్ళి చేసుకోలేదు కదా!

రాస్కో మా లోయలో జరిగిన పిస్టల్ పోటీలన్నీ గెలిచిన మనిషి. పెరట్లో గడ్డి కోస్తూ గుండె ఆగి పోయాడు. పోయి ఏళ్ళయినా మా షూటింగ్ క్లబ్బులో కాఫీ మిషను మీద అతని ఫోటో అలాగే వేలాడుతోంది. చేతిలో పిస్టల్, మొహం నిండా పళ్ళు. శనివారం వచ్చిందంటే నేను ఆ పళ్ళ కిందే నిలబడి కాఫీ పట్టుకోవాలి. తుపాకులు బాగుచెయ్యడం నా పని. క్లబ్బులో సగం తుపాకులు నా చేతి చలవతోనే పేలుతున్నాయి. నా ఫోటో మాత్రం మరుగుదొడ్డి తలుపు మీద కూడా పెట్టలేదు ఎవరూ.

వెల్డాను నేను చేసుకుని మూడేళ్ళవుతోంది. అయినా క్లబ్బు పెద్ద హోబర్ట్, కొత్తవాళ్ళెవరైనా వస్తే నన్ను చూపించి "వీడు ఓరిన్. మన రాస్కో భార్యను చేసుకున్నాడు" అంటాడు. నాకంటూ వేరే గుర్తింపు లేనట్టే! ఆ మాట విన్న ప్రతిసారీ నా ఒళ్ళు మండిపోతుంది.

ఆ సోమవారం నేను ఇంటి వెనక షెడ్డులో పని చేసుకుంటుంటే వెల్డా వచ్చి, కాగితం సంచిలో చుట్టినదేదో నా బల్ల మీద పెట్టింది.

"ఇది కదలడం లేదు ఓరిన్. కాస్త చూడు."

విప్పాను. పాత నలభై అయిదు బోరు పిస్టల్. వాల్‌నట్ చెక్క పిడి మీద 'ఆర్' అక్షరం చెక్కి ఉంది. నేను దాన్ని వేరే చూడక్కర్లేదు. ప్రతి శనివారం ఫోటోలో చూస్తున్నదే.

"ఎక్కడిదిది?"

"మిజూలా పట్నంలో తుపాకుల సంత పెట్టారు కదా, అక్కడ ఒక ముసలాయన బల్ల మీద కనిపించింది. రాస్కో తమ్ముడు ఎప్పుడో అమ్మేశాడట. చేతులు మారి మారి అక్కడికి చేరింది. కొనేశాను."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"ఇప్పుడు చెబుతున్నాగా. శనివారానికి కావాలి."

శనివారమంటే ఏమిటో నాకు తెలుసు. రాస్కో పేరు మీద ఏటేటా జరిపే పోటీ. ఆ రోజు అందరూ టోపీలు తీసి ఫోటో ముందు నిలబడతారు. నేనూ నిలబడతాను, పళ్ళు నూరుకుంటూ. ఇక ఈ ఏడు పిస్టల్‌కు కూడా పూజ జరుగుతుందన్నమాట!

వెల్డా స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. "నువ్వు చేస్తుంటే చూస్తాను."

"ఏం అక్కర్లేదు. స్ప్రింగు ఎగిరిందంటే కన్ను పోతుంది. లోపలికెళ్ళు."

"దూరంగా కూర్చుంటాలే."

"ముట్టుకోకు అన్నానా! ఇవి ఆడుకునే వస్తువులా?"

ఆమె నన్నొకసారి చూసి, స్టూలును మళ్ళీ గోడ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. మొదటి మొగుడి జ్ఞాపకం మీద అంత ప్రేమ కారిపోతోందేమో, కూర్చుని చూసుకోవాలట!

పిస్టల్ పైభాగాన్ని స్లైడ్ అంటాం. పేలిన ప్రతిసారీ అది వెనక్కి వెళ్ళి ముందుకు రావాలి. ఇది మాత్రం చిటికెన వేలి గోరంత వెనక్కి జరిగి అక్కడే బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ముందు తూటాల డబ్బా ఊడదీశాను, ఖాళీ. గొట్టం మూతిని ఇసక బకెట్టు వైపు తిప్పి, సన్న కర్రపుల్ల దూర్చి లోతు చూశాను. పుల్ల చివరిదాకా వెళ్ళింది. లోపల తూటా లేదు. నాకు అసూయ ఉంటే ఉండొచ్చు గాని, ప్రాణం మీద తీపి కూడా ఉంది. ఆ తరవాత సందుల్లో నూనె పోసి నాననిచ్చాను.

మర్నాడు చూస్తే అది అంగుళం కాదు కదా, వెంట్రుక వాసి కూడా కదల్లేదు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది. సుత్తి తీసుకుని ఒక్కటి గట్టిగా వేస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. 'పాపం, వయసైపోయింది, ఇక లాభం లేదు' అని చెప్పి సంచిలో చుట్టి ఇచ్చెయ్యొచ్చు. నా మాట కాదనేవాడు ఈ లోయలో లేడు. సుత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ పెట్టేసి, కాస్త తిరిగొద్దామని హోటలుకు వెళ్ళాను.

అక్కడ హోబర్ట్ పాన్‌కేకుల మీద సిరప్ వంపుకుంటున్నాడు.

"ఒరేయ్ ఓరిన్! రాస్కో పిస్టల్ నీ దగ్గరుందటగా! జాగ్రత్తరోయ్. దానికేమన్నా అయిందో, ఈ ఊళ్ళో నీకు కాఫీ పుట్టదు."

"నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, వెల్డానే. పిస్టల్ గురించి చెబుతుంటే ఆ మొహం చూడాల్సింది. అచ్చం కొత్త పెళ్ళికూతురే అనుకో!"

నేను కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను. నాతో పెళ్ళినాడు కూడా ఆ మొహంలో అంత కళ లేదు. నాకు తెలుసు, నేను చూశాను కదా.

పగలగొడదామనే వచ్చాను. కాని బల్ల ముందు కూర్చున్నాక చెయ్యి నా మాట వినలేదు. ఇన్నేళ్ళుగా బాగుచేసిన చెయ్యి, ఎలా వింటుంది? ముందు మూతి దగ్గరున్న బిగింపు తిప్పి స్ప్రింగు బయటికి తీశాను. బల్ల అంచుకు చెక్క ముక్క అడ్డం పెట్టి, నైలాన్ సుత్తితో అటొక దెబ్బ, ఇటొక దెబ్బ మెల్లగా వేస్తూ పోయాను. సాయంత్రానికి మూలిగి మూలిగి వెనక్కి జరిగింది. అడ్డంగా ఉన్న మీట ఊడదీసి, స్లైడ్ విప్పి చూద్దును కదా, దొరికాడు రాస్కో!

గొట్టం అడుగున ఎనిమిది అంకెలా ఉండే చిన్న ఇనప ముక్క ఒకటుంటుంది, లింకు అంటాం. స్లైడ్ వెనక్కి వెళ్ళేటప్పుడు గొట్టాన్ని కిందికి లాగేది అదే. గురి బాగా కుదురుతుందని కొందరు తెలివిమీరినవాళ్ళు అక్కడ కాస్త పొడుగు లింకు వేస్తారు. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఆ తరవాత గొట్టం దిగడం మానేస్తుంది, స్లైడ్ బిగుసుకుంటుంది. ఇందులో ఉన్నది ఆ పొడుగు లింకే. ఇన్ని చేతులు మారింది, ఎవడు వేశాడో ఎవరికి తెలుసు? నాకు తెలుసు. రాస్కోయే. ఆ పిస్టల్‌లో ఏ లోపం ఉన్నా అది రాస్కోది, ఏ మంచి ఉన్నా అది ఫ్యాక్టరీవాళ్ళది. నా లెక్క అది.

సరైన లింకు వేసి, జిడ్డంతా కడిగి, గుడ్డతో తుడుస్తుంటే ఎడమ పక్కన కనిపించింది అసలు నిధి. గోటితో గీరినట్టు చిన్న వంపు గీత. పిస్టల్ తిరిగి బిగించేటప్పుడు ఆ మీటను చివర్లో పైకి నొక్కాలి. చెయ్యి తిరగనివాడు తొందరపడితే మీట జారి సరిగ్గా అక్కడే గీసుకుంటుంది. మా వాళ్ళు దాన్ని వెర్రివాడి గీత అంటారు. నేర్చుకునే కుర్రకారు పిస్టళ్ళ మీద తప్ప కనిపించదు. అది రాస్కో పిస్టల్ మీద! లోయకంతటికీ చాంపియన్ పిస్టల్ మీద! నాకు ఈల వెయ్యాలనిపించింది, వేశాను.

ముక్కలన్నీ తువ్వాల్లో మూట కట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాను. వెల్డా అప్పుడే హకల్‌బెర్రీ పళ్ళు కూరిన తీపిరొట్టెను పొయ్యిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. పిడి ఉన్న ముక్కను ఆమె మొహం ముందు పెట్టాను.

"ఇది చూశావా?"

"చూశాను."

"దీన్నేమంటారో తెలుసా?"

"వెర్రివాడి గీత."

"మీ చాంపియన్‌గారి పనితనం!" నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాను. "శనివారం దీన్ని ఆ ఫోటో కిందే పెడతాను. వచ్చినవాడల్లా చూడాలి, ఆ హోబర్ట్‌గాడు మరీ దగ్గరికొచ్చి చూడాలి!"

ఆమె తీపిరొట్టె ముక్క కోసి నా పళ్ళెంలో వేసింది.

"అది రాస్కో గీసింది కాదు. నేను."

నేను బల్ల వదిలేసి నిటారుగా నిలబడ్డాను.

"పెళ్ళయిన కొత్తలో నాకూ నేర్పమని అతని ప్రాణం తీశాను. విప్పి చూపించాడు. ఏదీ, నువ్వు బిగించు అన్నాడు. మీట జారింది."

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండును. నా చేతిలోంచి తీసేసుకుని గుడ్డతో రుద్దుతూ కూర్చున్నాడు. మళ్ళీ చచ్చేదాకా నా చేతికివ్వలేదు. తూటాల పెట్టె మొయ్యి వెల్డా, చప్పట్లు కొట్టు వెల్డా, గెలిచిన కప్పులు తుడువు వెల్డా. ఇంతే!"

"మరి దీన్నెందుకు కొన్నావు? జ్ఞాపకానికి కాదూ?"

"నీ మొహం! పోటీకి పేరిచ్చాను."

"ఎవరి పేరు?"

"నా పేరయ్యా! ఇంకెవరి పేరు? క్లబ్బు పిస్టల్‌తో శీతాకాలమంతా నేర్చుకున్నాను. హోబర్ట్ నేర్పాడు."

"హోబర్టా!" నా ప్రాణం చివుక్కుమంది. పోయినవాడు చాలనట్టు ఇప్పుడు బతికున్నవాడొకడు! "తుపాకులవాణ్ణి ఇంట్లో పెట్టుకుని హోబర్ట్ దగ్గరికి పోతావా? నన్నడగొచ్చు కదా?"

"అప్పట్లో అడిగే ధైర్యం లేకపోయింది. నిన్న అడిగాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ముట్టుకోకు అన్నావు, లోపలికి తోలావు. అచ్చం అతనిలాగే అన్నావు ఓరిన్. ఆ మాట, ఆ చూపు, అన్నీ అవే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో ఎవడన్నా నన్ను రాస్కోతో పోలిస్తే చాలుననుకుని మూడేళ్ళు ఏడ్చాను. చివరికి పోల్చింది వెల్డా. అదీ ఇందుకు.

పళ్ళెం పక్కకు జరిపి, తువ్వాలు ఆమె ముందు పరిచాను. "నువ్వే బిగించు."

"నిజంగానా?"

"చేతులు కడుక్కో. బెర్రీ జిగురు."

కడుక్కుని వచ్చి కూర్చుంది. గొట్టం, స్లైడ్, స్ప్రింగు ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మీట దగ్గరికొచ్చేసరికి 'కాస్త కిందికి' అని నోటిదాకా వచ్చింది, నాలిక కరుచుకున్నాను. ఆమె బొటనవేలితో నొక్కింది. మీట జారింది. కీచుమని చప్పుడు. పాత గీత పక్కనే తెల్లగా మెరుస్తూ కొత్త గీత పడింది.

నా వృత్తిలో ఉన్నవాడికి అది గుండె మీద గీసినట్టే ఉంటుంది. తలెత్తాను. వెల్డా పిస్టల్ వైపు చూడటం లేదు. నా మొహంలోకి చూస్తోంది.

"ఈ పిస్టల్ ఎవరిది?" అన్నాను.

"నాది."

"మరి నా మొహం చూస్తావేం? ఆ మీట ఎక్కించి స్లైడ్ లాగు. పని చేస్తోందో లేదో చూడొద్దా?"

ఈసారి మీట లోపలికెళ్ళి కూర్చుంది. లాగింది. స్లైడ్ హాయిగా వెనక్కి వెళ్ళి టక్కున ముందుకొచ్చింది. మళ్ళీ లాగింది. మళ్ళీ. ఆ మొహం చూడాలి అప్పుడు! హోబర్ట్ అబద్ధమాడలేదు, అచ్చం కొత్త పెళ్ళికూతురే.

కాఫీ పెడతానని ఆమె పొయ్యి వైపు తిరిగినప్పుడు నేను మెల్లగా వంగి ఆ రెండు గీతలనూ పక్కపక్కన చూశాను. రాస్కో హయాంలో పడ్డది ఇంతే ఉంది. నా హయాంలోది దానికి రెట్టింపు పొడుగు. నాకు పట్టరాని సంతోషమేసింది.