చల్లగది తలుపు

పొద్దున్నుంచి అది మూడో ఫోను. మొదటి రెండూ అక్క ఎత్తలేదు. రెండు స్వెట్టర్లు తొడుక్కుని, తలకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, కోల్డ్ స్టోరేజీ గదిలో, మూడు డిగ్రీల చలిలో నిలబడి యాపిల్ పండ్లు ఏరుతోంది. మచ్చ పడ్డవి ఒక పెట్టెలోకి, మెత్తబడ్డవి ఇంకో పెట్టెలోకి. చేతి తొడుగు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. మూడోసారి మోగేసరికి తొడుగును పళ్లతో లాగి ఫోను చెవిన పెట్టుకుంది. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ. తమ్ముడు వీధి మలుపులో నిలబడ్డాడని, ఒంటిమీద ఉన్ని కోటు ఉందని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడని, విప్పమంటే మీదికొస్తున్నాడని చెప్పింది.

బయట నలభై ఆరు డిగ్రీలు. ఎండ అలా కాయడం అది పందొమ్మిదో రోజు.

సూపర్‌వైజర్‌ని అడిగితే వెళ్లొద్దని అనలేదు. మధ్యలో వెళ్తే ఆ రోజు కూలీ మూడు వందల ఎనభై మొత్తం పోతుందని మాత్రం గుర్తుచేశాడు. అక్క స్వెట్టర్లు విప్పి మేకుకు తగిలించింది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆ కోల్డ్ స్టోరేజీలో ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఇనుప తలుపు దాటి బయటికి రావడమంటే నూతిలోంచి తీసి పొయ్యిలో పడేసినట్టుంటుంది. మొదట్లో కళ్లు తిరిగేవి. ఇప్పుడు అలవాటైంది. లేదా అలవాటైందని చెప్పుకోవడం అలవాటైంది.

తమ్ముడు కరెంటు స్తంభానికి వీపు ఆనించి నిటారుగా నిలబడి ఉన్నాడు. ముప్పై మూడేళ్ల మనిషి. పెదాలు బీటలు వారాయి. టీ కొట్టు నీడలో ఉన్న నలుగురిలో ఒకడు నీళ్ల సీసా చూపించి, ఇతను చెయ్యి చాచగానే వెనక్కి లాగేసుకుంటున్నాడు. ప్రతిసారీ ఇతను చెయ్యి చాస్తూనే ఉన్నాడు. ఆ ఎండకు వీధిలో ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు, మొగుడూ పెళ్లాలే ఒకరినొకరు చూసుకోవడం మానేశారు. అయినా ఒక పిచ్చివాడు దొరికితే నవ్వడానికి ఓపిక ఎక్కడినుంచో వస్తుంది.

అక్క అతని మెడమీద చెయ్యి పెట్టి చూసింది. పెనం మీద పెట్టినట్టయింది. ఎక్కడా తడి లేదు, ఒక్క చెమట బొట్టు లేదు.

“కోటు విప్పు నాన్నా,” అంది.

“విప్పితే లోపలికొచ్చేస్తారక్కా.”

ఎవరొస్తారని ఆమె అడగలేదు. తొమ్మిదేళ్లుగా ఎరుగున్నవాళ్లే.

తొమ్మిదేళ్ల కిందట అతను బట్టల కంపెనీలో కటింగ్ పని చేసేవాడు. ఒకేసారి అరవై చొక్కాల గుడ్డను గీటు మీద వెంట్రుకవాసి తప్పకుండా కోసేవాడు. ఒకరోజు కత్తెర కింద పడేసి, గుడ్డ తనను తిడుతోందన్నాడు. ఏడాదిపాటు నరకం. తర్వాత ఒక మందు కుదిరింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చెవుల్లో తిట్టే గొంతులు పోయాయి. కటింగ్ ఉద్యోగం తిరిగి రాలేదు గానీ, ఇంటి దగ్గరే కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేవాడు, వంట చేసేవాడు, అక్క మీద జోకులు వేసేవాడు. ఆరేళ్లు అలా గడిచాయి. అక్కకు అంతకంటే పెద్ద కోరికలేం లేవు.

గడిచిన మూడు వేసవులు దాన్ని చెడగొట్టాయి. మందు వేసుకున్న రోజు మధ్యాహ్నానికల్లా ఒళ్లు కాలిపోయి, మాట ముద్దగా వచ్చి, పడిపోయేవాడు. భయపడి అక్క తనంతట తానే మాత్రను సగం విరిచి ఇవ్వడం మొదలుపెట్టింది. జ్వరం తగ్గింది. వారంలో గొంతులు తిరిగొచ్చాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒక మధ్యాహ్నం అతను గోడకేసి తల బాదుకుంటుంటే, ఈ పీడ విరగడైతే బాగుండునని అక్కకు అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, తను మర్చిపోనూ లేదు.

వీధి మలుపు నుంచి అక్క అతన్ని నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చిన్నవయసుది. తడి రుమాలు మెడ వెనక వేసుకుని రోగులను చూస్తోంది. తమ్ముడి ఒంటికి తడి దుప్పటి చుట్టించి, గంటన్నర తర్వాత వేడి దిగాక అక్కను కూర్చోబెట్టి చెప్పింది. మాత్ర సగం చేయడం తప్పని కోప్పడింది. కొన్ని మందులు మనసును నెమ్మదింపజేస్తాయి గానీ, ఒంటికి చెమట పట్టనివ్వవని, వేడి లోపలే నిలిచిపోతుందని వివరించింది. ఈ నెలలో ఇలాంటివాళ్లు పదిహేడు మంది వచ్చారని, ఆరుగురు తిరిగి ఇంటికి వెళ్లలేదని చెప్పింది.

“ఇన్నేళ్లూ ఇదే మందు కదమ్మా వేశాం? అప్పుడేం కాలేదే?” అంది అక్క.

“మందు పాతదే. ఎండ కొత్తది.” డాక్టరమ్మ మెడ వెనక తడి రుమాలు తిరగేసుకుంది. “వేరే మందు మారుద్దామంటే ఆసుపత్రిలో పెట్టి నెల్లాళ్లు గమనించాలి. మంచాలు లేవు. ఈ రెండు నెలలూ చల్లటి చోట ఉంచు. అదే వైద్యం.”

చల్లటి చోటు. అక్క వాళ్లది రేకుల గది. మధ్యాహ్నం పూట ఫ్యాను వేస్తే పొయ్యిని ఊదినట్టుంటుంది. అది డాక్టరమ్మకూ తెలుసు. అందుకే ఆమె ఇంకో రోగిని పిలిచేసింది.

మర్నాడు అక్క యజమాని గదికి వెళ్లింది. యజమాని మెత్తటి మాట మనిషి, కూలివాళ్లను కూడా మీరు అంటాడు. చల్లగది బయట వసారాలో తమ్ముణ్ణి ఒక మూల కూర్చోనిస్తే చాలని, తలుపు సందుల్లోంచి వచ్చే చల్లదనం సరిపోతుందని అక్క బతిమాలింది. మందు సంగతి, డాక్టరమ్మ చెప్పిన సంగతి, ఎండ తగలకూడదన్న సంగతి, అన్నీ దాచకుండా చెప్పింది. యజమాని శ్రద్ధగా విన్నాడు. మనిషికి మనిషి సాయం కాకపోతే ఎలా అన్నాడు. ఊరికే కూర్చుంటే మిగతావాళ్లు ఏమన్నా అనుకుంటారు కాబట్టి ఖాళీ పెట్టెలు సర్దమనండి అన్నాడు. కూలీ ఊసెత్తలేదు. అక్క కూడా ఎత్తలేదు. చల్లగాలికి కూలీ అడిగితే బాగుండదనుకుంది.

పదకొండు రోజులు బాగా గడిచాయి. నిండు మాత్ర వేసుకుని, వసారాలో చల్లటి గోడ పక్కన తమ్ముడు పెట్టెలు సర్దేవాడు. అతను పేర్చిన వరసలు గీత గీసినట్టుండేవి. గుడ్డ కోసిన చేతులు కదా. మళ్లీ జోకులు మొదలుపెట్టాడు. ఒకరోజు పండ్ల పెట్టె ఎత్తుకొచ్చి అక్క ముందు పెట్టి, “వీటికి పిచ్చి లేదు కదక్కా, మరి వీటినెందుకు ఇంత చల్లగా ఉంచుతున్నారు?” అన్నాడు. ఏరే ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

పన్నెండో రోజున రెండు లారీలు వచ్చి ఎండలో నిలబడ్డాయి.

కిందటేడు ఒక హమాలీ లోడు ఎత్తుతూ ఎండకు చచ్చిపోయాడు. అప్పుడు హమాలీలంతా రెండ్రోజులు పని మానేసి, పన్నెండు నుంచి నాలుగింటి దాకా బరువు ముట్టమని యజమానితో ఒప్పందం రాయించుకున్నారు. ఆ ఒప్పందం కాగితం గేటు దగ్గర గోడకు అంటించే ఉంది. కాబట్టి ఆ మధ్యాహ్నం ఎనిమిది మంది హమాలీలూ నీడలో తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు. లారీవాళ్లు ఆలస్యానికి గంటకింత అని అడుగుతున్నారు. యజమాని ఫోనులో సూపర్‌వైజర్‌తో, ఒప్పందం హమాలీలతోనే కదా, హమాలీ కానివాడు ఒకడున్నాడు కదా అన్నాడు.

అక్క లోపల పండ్లు ఏరుతోంది. ఆమెకు తెలియదు.

తమ్ముడు మొదట రానన్నాడట. ఎండలోకి వెళ్లొద్దని అక్క చెప్పిందన్నాడట. వెళ్లకపోతే రేపటినుంచి నీ అక్కకు పని ఉండదని సూపర్‌వైజర్ చెప్పాక, చొక్కా చేతులు మడుచుకుని వెళ్లాడు. పెట్టె ఇరవై కిలోలు. వసారా నుంచి లారీ దాకా ముప్పై అడుగులు, నెత్తిన సూర్యుడు. నీడలో ఉన్న హమాలీల్లో పెద్దవాడు ఒకసారి తల ఎత్తి, ఆగరా, చస్తావురా అన్నాడు. “అక్క పని పోతుందంట,” అని తమ్ముడు ఆగకుండానే జవాబిచ్చాడు. పెద్దవాడు కాసేపు చూసి, మనకెందుకులే అని తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

ఒంటిగంటకు కరెంటు పోయింది. జనరేటరు మీద చల్లగది సగమే నడుస్తుంది కాబట్టి ఏరే ఆడవాళ్లను వసారాలోకి పంపి తలుపు బిగించారు. కరెంటు వచ్చేదాకా తీయకూడదని హుకుం. అక్క తమ్ముడి మూల చూసింది. ఖాళీ. నీళ్లు తాగడానికి వెళ్లాడేమో అనుకుని రెండు నిమిషాలు ఆగింది. తర్వాత బయటికి వచ్చింది.

అతను లారీ వెనక నేలమీద పడి ఉన్నాడు. పక్కన పెట్టె పగిలి పండ్లు దొర్లాయి. క్లీనరు పండ్లు ఏరుతున్నాడు. పడి ఎంతసేపైందంటే పది నిమిషాలయ్యుంటుందని, నాటకమేమో అనుకున్నామని చెప్పాడు.

ఒళ్లు ముట్టుకోలేనంత కాలిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. అక్క రెండు చంకల కిందా చేతులు వేసి ఈడ్చుకొచ్చింది. ఏరే ఆడవాళ్లు ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. చల్లగది తలుపు దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజర్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఫోను స్పీకరులో పెట్టాడు.

“లోపల నలభై లక్షల సరుకుందమ్మా,” అంది యజమాని గొంతు, ఎప్పట్లాగే మెత్తగా. “తలుపు తీస్తే జనరేటరు మీద మళ్లీ చల్లబడదు. అంబులెన్సుకు చెప్పించాను. వచ్చేస్తుంది. కాస్త ఓపిక పట్టండి.”

ఏరే ఆడవాళ్లలో ఒకామె ఫోను చేసి అడిగితే, అంబులెన్సులన్నీ ఎండదెబ్బ కేసులకే తిరుగుతున్నాయని, యాభై నిమిషాలు పడుతుందని చెప్పారు. అక్క వసారా కుళాయి తిప్పింది. ట్యాంకు నీళ్లు సలసలా వచ్చాయి. ఆ నీళ్లు అరచేతిలో పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత ఇటు తిరిగి సూపర్‌వైజర్ రొమ్ము మీద తలతో ఒక్క పోటు పొడిచింది. అతను పెట్టెల మీద పడ్డాడు. ఆ పొడవాటి ఇనుప పిడిని లాగడానికి మామూలుగా ఇద్దరు కావాలి. ఆమె ఒక్కతే లాగింది.

తమ్ముణ్ణి లోపలికి చేర్చి, చల్లటి నేలమీద పడుకోబెట్టి, చొక్కా చింపి, రెండు చేతులతో పండ్లు తీసి చంకల్లో, మెడ దగ్గర, తొడల మధ్య పేర్చింది. ఒకసారి అతని వేళ్లు కదిలాయి. గుడ్డను కొలిచేటప్పుడు చాచినట్టు బొటనవేలు, చూపుడు వేలు విడిపడ్డాయి. అంతే. అక్క అతన్ని పేరు పెట్టి పిలిచింది, తిట్టింది, బుజ్జగించింది. తలుపు బార్లా తెరిచే ఉంది. గోడమీద డిగ్రీల అంకెలు ఐదు చూపించాయి, తర్వాత ఏడు.

అంబులెన్సు గంటా పది నిమిషాలకు వచ్చింది. దాంట్లోంచి దిగినతను మెడ పట్టి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు. పోయి అరగంటైందన్నాడు. పోయినవాళ్లను ఎక్కించుకోకూడదని, బతికున్నవాళ్లు ఇంకా ఐదుగురు ఎదురుచూస్తున్నారని, తప్పుగా అనుకోవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

సూపర్‌వైజర్ చొక్కా దులుపుకుని వచ్చాడు. అతని గొంతులో కోపం కూడా లేదు, తొందర ఉంది.

“అయిపోయిందిగా. ఇప్పుడైనా తలుపెయ్యి.”

అక్క తమ్ముణ్ణి గుమ్మం దాకా లాక్కొచ్చి, తెరిచిన తలుపుకు వీపు ఆనించి, అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“వెయ్యను,” అంది.

అతను యజమాని పేరు చెప్పాడు. పోలీసుల పేరు చెప్పాడు. ఆమె ఉద్యోగం సంగతి చెప్పబోయి తనే ఆగిపోయాడు. చివరికి వసారాలో గుమిగూడిన హమాలీల వైపు తిరిగి, ఆమెను పక్కకు లాగి తలుపు మూయమన్నాడు. హమాలీల్లో పెద్దవాడు ముందుకొచ్చాడు. శవం మొహం చూశాడు. చేతిలోని తువ్వాలును ఏం చేయాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చుకున్నాడు. తర్వాత గుమ్మానికి ఇవతల, అక్కకు ఎదురుగా, నేలమీద చతికిలబడ్డాడు. ఆమె అతనికేసి చూసిన చూపులో మెత్తదనమేమీ లేదు. అతను ఆ చూపును భరిస్తూ కూర్చున్నాడు. వెనక ఉన్నవాళ్లలో ఇంకొకడు కూర్చున్నాడు.

సూపర్‌వైజర్ చేతిలో ఫోను మోగుతోంది. గుమ్మం దాటి నేలబారుగా పారుతున్న చలి హమాలీల కాళ్లను తాకి, వసారా దాటి, ఎండలోకి పోతోంది. ఎవరూ లేవలేదు.