కొబ్బరికాయలో భూగోళం

నిషిత డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివింది. పెళ్లయినప్పటి నుంచి ఆ చదువును పప్పు ఉడికించడానికే వాడుతోంది. ఇన్నాళ్లకు బీరంగూడలో ఇంటి దగ్గరి బడిలోనే సైన్సు టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. డెమో క్లాసు నచ్చితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ పప్పే.

పాఠం భూమి లోపలి సంగతి. అందుకని ముందురోజే గుడి దగ్గరి కొట్టుకు వెళ్లి, కొబ్బరికాయలన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఏందక్కా, కాయ కొంటున్నవా, ఫోన్ మాట్లాడుతున్నవా?" అన్నాడు కొట్టు నర్సింగ్.

నీళ్లు బాగా గలగలలాడే కాయను ఏరి తెచ్చుకుంది. పొద్దున బయల్దేరుతుంటే అత్తగారు లక్ష్మీనరసమ్మ గుడి నుంచి వచ్చి, కాయ ఉన్న సంచి చేతికిచ్చింది. "పోయిరా బిడ్డా, అంత మంచిగనే అయితది."

క్లాసులో వెనక బెంచీ మీద ప్రిన్సిపాల్ బ్యూలా మేడం కూర్చున్నారు. నిషిత కాయను పైకెత్తింది.

"ఇది భూమి అనుకోండి. లోపలి నీళ్లు కరిగిన ఇనుము. భూమిని పగలగొట్టలేం. మరి లోపల ఏముందో ఎట్ల తెలుస్తది?"

"ఊపాలె టీచర్!"

"శభాష్! భూకంపం వస్తే ఊపినట్టే. ఆ కుదుపు అలలు లోపలి నుంచి ఎట్ల వస్తున్నయో చూసి సైంటిస్టులు చెప్తరు."

ముందు బెంచీ పిల్ల కాయను తీసుకుని ఊపింది. చాలాసేపు విన్నది. "సప్పుడే లేదు టీచర్. మీ భూమి ఎండిపోయినట్టుంది."

క్లాసంతా గొల్లుమంది. నిషిత కాయను లాక్కుని చూసింది. పీచు కింద పసుపు మరక! పూజగదిలో శ్రావణం నుంచి కలశం మీద కూర్చున్న కాయ ఇది. కోడలికి ఉద్యోగం రావాలని అత్తగారు మంచి కాయను దేవుడికి కొట్టేసి, ఏదైనా కాయే కదా అని దీన్ని సంచిలో వేసింది. భక్తిలో లోపం లేదు. ఒక మాట అడగడంలోనే ఉంది.

కుళ్లిపోయి ఉంటే ఉద్యోగమూ పోయినట్టే. అయినా కొట్టక తప్పదు. గడప మీద కొట్టింది.

లోపల తెల్లటి ముద్ద, చుట్టూ కాసిన్ని నీళ్లు.

"పువ్వు! పువ్వొచ్చింది!" పిల్లలు ఎగిరారు.

నిషితకు ప్రాణం లేచొచ్చింది. "సూడండి, సైంటిస్టులు గూడ మొదట అంత కరిగిన ఇనుమే అనుకున్నరు. ఒకామె భూకంపాల అలలను జెర మంచిగ చూసి, నడిమిట్ల గట్టి ముద్ద ఉన్నదన్నది. పైన ద్రవం గడ్డకట్టినకొద్ది అది ఈ పువ్వు లెక్క మెల్లగ పెరుగుతది."

"అంత వేడిల కరగదా టీచర్?"

"పొద్దుగాల పటాన్‌చెరు బస్సెక్కినవా ఎప్పుడన్న? నాలుగు దిక్కుల నొక్కుతుంటే చెయ్యి గూడ కదిలియ్యలేవు. మొత్తం భూమి మీద పడి నొక్కుతుంటే ఇనుము ఏడ కరుగుతది?"

బ్యూలా మేడం లేచి వచ్చారు. "పువ్వున్న కాయనే ఎట్ల ఏరిండ్రు?"

"మా ఇంట్ల ఎక్స్‌పర్ట్ ఉన్నరు మేడం."

"పువ్వొస్తే శుభమనే పట్టింపు మాకు లేదు గానీ, తినడానికి ఏం పట్టింపు లేదు. జెర ఆ నడిమి ముద్దల నాకో ముక్క పెట్టండి." నమిలి మింగి, పెదాలు తుడుచుకున్నారు. "సోమవారం నుంచి రండి. అగ్నిపర్వతాల పాఠం ఉన్నది. దాంట్ల తినేది ఏమన్న ఉంటదా?"