తూర్పు గోడ అవతల

హాలంబీ ఊరి సెయింట్ ఆస్వాల్డ్ చర్చి బిషప్ గారి పెద్ద గుడి, అంటే కెథీడ్రల్ అయిందని తెలిసిన రోజు ఊరంతా సంబరపడింది. హెస్టర్ థాక్రేకి మాత్రం ఆ రోజు నుంచే కుదురు పోయింది. బిషప్ గారి పీఠానికి, గాయకులకు పాత చర్చి ఇరుకట. నాలుగు వందల ఏళ్ల నాటి తూర్పు గోడ తీసేసి, కట్టడాన్ని సమాధుల మీదుగా పొడిగిస్తారట. ఆ గోడ పక్కనే ఆమె తన పసిబిడ్డ ఎల్సీని పాతిపెట్టుకుంది. అప్పుడు ఆమెకి ఇరవై ఏళ్లు. ఇప్పుడు తల నెరిసింది.

"సమాధుల్ని కొండ మీది శ్మశానానికి మారుస్తామంటున్నారుగా! పొయ్యికీ గుమ్మానికీ మధ్య ఎందుకే ఆ తిరుగుడు?" అన్నాడు భర్త జెత్రో, టీ ఊదుకుంటూ.

"నా కాళ్లు, నా ఇష్టం. నువ్వు టీ తాగు."

తవ్వేరోజు వానలోనే వెళ్లి నిలబడింది. పనివాళ్లు ఎల్సీ సమాధిరాయి పక్కకి తీసి ఛాతీ లోతు తవ్వారు. నల్లమట్టి, పాత పునాదిరాళ్లు. పెట్టె లేదు. పక్కన తవ్వారు. అక్కడా లేదు.

పాదిరి పెల్లో గారి ముఖం పాలిపోయింది. "అమ్మా, నేను రాకముందు ఇక్కడ బాట వెడల్పు చేశారట. సమాధిరాళ్లు మాత్రం జరిపినట్టున్నారు. కింద ఉన్నవాళ్లని కదపలేదు."

"అయితే ఇన్నేళ్లూ నేను పూలు పెట్టింది ఎవరికి, అయ్యగారూ?"

ఆయన తల దించుకున్నాడు. "మీరు ఊఁ అనండి, ఇంకా తవ్విస్తాను."

హెస్టర్ ఆ ఆవరణంతా రెండుసార్లు చుట్టి వచ్చింది. ఎక్కడ చూసినా ఎవరో ఒకరి బిడ్డ.

"వద్దు. నా ఒక్కదాని కోసం ఊరి బిడ్డలందర్నీ లేపుతారా? కట్టుకోండి."

అనైతే అంది కానీ, మనసు నిలవలేదు. మొనదేలిన కమానులు లేచినన్నాళ్లూ, రంగుటద్దాలు బిగించినన్నాళ్లూ రోజూ వెళ్లి చూసి తిరిగొచ్చేది.

ప్రతిష్ఠ రోజు ఆరాధన అయ్యాక జనమంతా కొత్త మండపంలోకి తోసుకొచ్చారు. తలలెత్తి పైకప్పు చూసి మెచ్చుకుంటున్నారు. హెస్టర్ ఒక్కతే నేలకేసి చూస్తూ, గోడ వారగా నడుస్తోంది.

జెత్రో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడుందో అనేగా?"

"నీకు అనిపించదా?"

బిడ్డ పోయాక ఆ పేరు ఒక్కసారైనా ఎత్తని మనిషి, "ఎల్సీ మీద కాలు పడుతుందేమోనని అడుగడుగునా భయమేనే," అన్నాడు.

ఇద్దరూ గోడకి ఆనుకుని, జనం పలచబడేదాకా అక్కడే నిలబడ్డారు.