మైలుతుత్తం గిన్నె

మధ్యాహ్నానికే ఏసోబు చేతివేళ్లు ఆమ్లం చుక్కలు పడి పొక్కిపోయాయి. తెల్లవారకముందే వచ్చి హైస్కూలు ప్రయోగశాల బల్లలు కడిగాడు, గాజు సామాను తోమాడు. తనిఖీ సాహెబు వచ్చే రోజది. మూల బల్ల మీద, పన్నెండు రోజులుగా అతడు పెంచిన మైలుతుత్తం స్ఫటికం ఉంది. బొటనవేలంత గడ్డ, నిండు నీలం.

ఆ పని నేర్పింది గురవయ్య మాస్టరే. వెచ్చటి గంధకామ్లంలో కాల్చి నల్లబరిచిన రాగి పొడి కలపాలి, వడకట్టాలి, నీలం నీళ్లను సన్నటి సెగ మీద మరిగించి అంచున పలుకులు కట్టగానే దించి చల్లారనివ్వాలి. మోత్కూరు మాలవాడలో పుట్టిన ఏసోబుతో ఆయన, "నా ల్యాబుల అంటుముట్టు లేదు" అనేవాడు. ఖద్దరు కట్టే మనిషి, సభల్లో సమానత్వం గురించి గంటసేపు మాట్లాడగలడు. రెండేళ్లుగా చేస్తున్న కచ్చా అటెండరు నౌకరీ పక్కా అయ్యేలా, గడ్డ చేసింది ఏసోబేనని సాహెబుకు చెబుతానని మాటిచ్చాడు. ఆ మాట నమ్మి ఏసోబు తన భార్య సాలమ్మను తెచ్చి కిరాయి ఇంట్లో పెట్టాడు.

పొద్దున మాత్రం మాస్టరు మొహం తిప్పుకుని, బడికి జాగా ఇచ్చిన దేశ్‌ముఖ్ కూడా వస్తున్నాడనీ, ఇవాళ్టికి ల్యాబులోని నీళ్లకుండ ముట్టవద్దనీ చెప్పాడు. ఏసోబు మనసు చివుక్కుమంది. సాయంత్రానికి నౌకరీ ఖాయమైతే చాలని సర్దుకున్నాడు.

సాహెబు గడ్డను వెలుతురుకు పట్టి చూసి, ఎవరు చేశారని అడిగాడు. గురవయ్య తడుముకోకుండా దేశ్‌ముఖ్ కొడుకు పేరు చెప్పాడు. తిట్టేవాళ్ల దగ్గర మోసం ఎదురైతే ఏసోబు తట్టుకునేవాడే. ఈయన చేతిలో మోసపోవడాన్ని మాత్రం తట్టుకోలేకపోయాడు.

సాహెబు ముచ్చటపడి, పలుకులు ఎలా కట్టించాడో తన ముందు ఒకసారి చేసి చూపమని ఆ అబ్బాయిని అడిగాడు. ఏసోబు వడకట్టి ఉంచిన నీలం నీళ్లను అబ్బాయి పింగాణీ గిన్నెలో పోసి దీపం మీద పెట్టాడు. అంచున పలుకులు కట్టాయి. అబ్బాయికి దించాలని తెలియదు. తెలిసిన ఏసోబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు ఇగిరిపోయాయి, నీలం వెలిసిపోయింది, గిన్నెలో తెల్లటి పొడి మిగిలింది.

గురవయ్య ఏసోబు పక్కకు జరిగి గొణిగాడు.

"జర దించి నాలుగు సుక్కల నీళ్లు పొయ్యి. మల్ల నీలమైతది. నా ఇజ్జత్ కాపాడు, ఏసోబు."

ఏసోబు కదల్లేదు. అందరికీ వినబడేటట్టే చెప్పాడు.

"పొద్దుగాల మీరే గద సారు, కుండ ముట్టొద్దంటిరి."

సాహెబు తలెత్తి మాస్టరు వైపు చూశాడు. గిన్నె కింద దీపం ఇంకా మండుతూనే ఉంది.