ఆర్లిస్ స్టిడమ్ వెన్ను

డెల్బర్ట్ క్రాస్ అబద్ధం ఆడలేదు. ఈ మాట అతను పన్నెండు రోజులుగా తనకు తానే చెప్పుకుంటున్నాడు, అదీ రోజుకు పదిసార్లు. అబద్ధం ఆడనివాడికి అన్నిసార్లు చెప్పుకోవలసిన పనేమిటో మరి, అది మాత్రం ఆలోచించలేదు.

డెల్బర్ట్ టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి స్కౌట్. ఏడాదిలో తొమ్మిది నెలలు కారులోనే కాపురం. కెంటకీ, వెస్ట్ వర్జీనియా కొండల్లోని కాలేజీలన్నీ తిరిగి, వానలో మైదానాల పక్కన నిలబడి, ఏ కుర్రాడు పనికొస్తాడో ఎవడు రాడో రాసి పంపడం అతని పని. రాసిందంతా ఏప్రిల్ చివర్లో వచ్చే మూడు రోజుల డ్రాఫ్ట్ కోసమే. జట్లన్నీ వంతులవారీగా ఒక్కో కాలేజీ కుర్రాణ్ణి పేరుపెట్టి ఎంచుకుంటాయి. మొత్తం ఏడు రౌండ్లు. ముందు రౌండ్లలో పేరు వచ్చినవాడి బతుకు ఒక రకం, ఎందులోనూ రానివాడి బతుకు ఇంకో రకం.

ఆర్లిస్ స్టిడమ్‌ని కనిపెట్టింది డెల్బర్టే. కెంటకీ కొండల్లో బెకెట్ ఫోర్క్ అనే ఊరు. తండ్రి పోయాడు, తల్లి జెనీవా బడి బస్సు నడుపుతుంది. కుర్రాడు చదివే కాలేజీ టీవీలో ఎప్పుడూ కనిపించనిది. ఆడేది సెంటర్ స్థానంలో, అంటే వంగి కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించి, మరుక్షణం మీదికి దూకే మనిషిని రొమ్ముతో ఆపాలి. ఆర్లిస్ ఆపితే ఎదుటివాడు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయేవాడు. మూడేళ్ల పాటు ఆ కొండల్లోకి వెళ్లి వాణ్ణి చూసిన స్కౌట్ డెల్బర్ట్ ఒక్కడే. జెనీవా వండిన చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె తిని, వీడు నా కుర్రాడని మనసులో రాసేసుకున్నాడు.

టొలీడోకి వేరే అవసరాలున్నాయి కాబట్టి మొదటి నాలుగు రౌండ్లలో సెంటర్ని తీసుకోదు. ఐదో రౌండ్లో తీసుకుంటుంది. అప్పటిదాకా ఆర్లిస్ మిగలాలి. మార్చి దాకా ఆ దిగులే లేదు, వాడి పేరు ఎవడికీ తెలియదు కదా. ఆ తర్వాత ఎవడో వాడి ఆట వీడియోలు బయటపెట్టాడు. ఇక జోస్యులు బయల్దేరారు. కంప్యూటరున్న ప్రతివాడూ ఎవరు ఎన్నో రౌండ్లో పోతారో జాబితా వేసేవాడే. ఆర్లిస్ పేరు మొదట ఆరో రౌండ్లో కనిపించింది. వారానికి నాలుగో రౌండు. ఇంకో వారానికి మూడు. కొత్త జాబితా వచ్చినప్పుడల్లా డెల్బర్ట్ కారు పక్కకు ఆపి, ఆ పేరు ఎంత పైకెక్కిందో చూసుకునేవాడు.

దిగులంతా కుర్రాడి మీద ప్రేమే అనుకోకండి. స్కౌట్ల ఒప్పందాలు డ్రాఫ్ట్‌తోనే ముగుస్తాయి. టొలీడోలో ఆటగాళ్ల ఎంపికంతా చూసే ప్రెస్టన్ యోడర్, ఒకప్పుడు డెల్బర్ట్ కారులో పక్క సీట్లో కూర్చుని పని నేర్చుకున్నవాడే, ఫిబ్రవరిలో మొహం మీదే చెప్పేశాడు. నువ్వు ఒట్టేసి చెప్పిన నలుగురూ వరసగా తుస్సుమన్నారు, ఈసారి వచ్చేవాణ్ణి బట్టి నీ సంగతి చూద్దాం అని. డెల్బర్ట్‌కి వచ్చే కుర్రాడంటే ఆర్లిసే.

ఇలాంటి మనస్థితిలో ఉన్నవాడికి లెగ్జింగ్టన్ దాటాక హైవే పక్క హోటల్లో హోవీ బ్రాంట్ తగిలాడు. హోవీ ముప్పై ఏళ్లుగా డ్రాఫ్ట్ కబుర్లు రాసే విలేఖరి. గుడ్లు, కాఫీ తెప్పించుకుని ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, మీ కొండ కుర్రాడు మూడో రౌండ్లోనే పోతాడంటున్నారు, నిజమేనా అని అడిగాడు.

డెల్బర్ట్ కాఫీ కలుపుతూ నిట్టూర్చాడు. "పోతాడేమో. ఆ వెన్ను సంగతి తేలితే."

"వెన్నా? వెన్నుకేమైంది?"

"నేనేం అనలేదు," అని డెల్బర్ట్ వానల గురించి ఎత్తుకున్నాడు.

ఆ వృత్తిలో 'నేనేం అనలేదు' అన్నదాన్ని మించిన మాట లేదు. ఏప్రిల్లో అక్కడ ఎవరూ నిజం చెప్పరు. నచ్చినవాణ్ణి నచ్చలేదంటారు, అక్కర్లేనివాణ్ణి ఆకాశానికెత్తుతారు. అందరూ చేసేదే కదా, రెండు జట్లు వెనక్కి తగ్గితే చాలు, కుర్రాడు మూడో రౌండు నుంచి ఐదుకి జారుతాడు, మా దగ్గరికే వస్తాడు, వచ్చాక వాడే సంతోషిస్తాడు. డెల్బర్ట్ లెక్క ఇది. బిల్లు తనే కట్టి బయటికొచ్చాడు.

మర్నాడు హోవీ రాతలో, ఒక కెంటకీ సెంటర్ వైద్య పరీక్షల మీద కొన్ని జట్లకు అనుమానాలున్నాయని వచ్చింది. పేరు లేదు. మూడో రోజుకి పేరు వచ్చింది. నాలుగో రోజు టీవీలో ఒకాయన, రెండు జట్లు ఆర్లిస్ స్టిడమ్‌ని తమ ఎంపిక బోర్డు మీంచి తీసేశాయన్నాడు. వారం తిరిగేసరికి వెన్నుపూస చిట్లిందని ఒకడు, ఆపరేషన్ తప్పదని ఇంకొకడు, చిన్నప్పుడు గడ్డివాము మీంచి పడ్డాడట అని మరొకడు. ఈ గడ్డివాము ఎక్కణ్ణుంచి వచ్చిందో డెల్బర్ట్‌కి ఎంతకీ అంతుపట్టలేదు. తన నోటి నుంచి వచ్చింది ఒక్క నిట్టూర్పు కదా!

ఎనిమిదో రోజు భయం వేసి హోవీకి ఫోన్ చేశాడు. ఆ కుర్రాడి వెన్నుకేం లేదు, నేనే ఏదో తోచక అన్నాను, రాసింది సరిదిద్దు అని బతిమాలాడు. హోవీ సరే సరే అన్నాడు. మర్నాడు రాసింది ఏమిటంటే, స్టిడమ్ వెన్ను గురించి జట్లు ఇప్పుడు నోరు విప్పడానికే జంకుతున్నాయని. డెల్బర్ట్ తల పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే జెనీవా నుంచి ఫోన్. తియ్యలేదు. ఆమె మాటలు రికార్డయ్యాయి, తర్వాత కారులో కూర్చుని విన్నాడు. ఏవేవో అంటున్నారు క్రాస్ గారూ, మీరైతే ఉన్నమాట చెప్తారని చేశాను, శనివారం చర్చి వాళ్లందరినీ భోజనానికి పిలిచాం, మీ ఫోన్ వస్తుందని మావాడు ఎదురుచూస్తున్నాడు అని. రెండోసారి వినే ధైర్యం లేక దాన్ని చెరిపేశాడు.

గురువారం మొదటి రౌండు అయింది. శుక్రవారం రెండు, మూడు అయ్యాయి. ఆర్లిస్ పేరు రాలేదు. శనివారం మధ్యాహ్నం నాలుగో రౌండూ అలాగే పోయింది. టొలీడో జట్టు గదిలో పదిహేను మంది, గోడ నిండా పేర్ల పలకలు, ఎవరి పేరు పిలిస్తే వాడి పలక తీసేస్తున్నారు. ఆర్లిస్ పలక అక్కడే ఉంది. డెల్బర్ట్ కాళ్లు ఒకచోట నిలవలేదు. ఐదో రౌండ్లో తమ వంతుకి ముందున్న జట్టు బంతితో పరిగెత్తేవాణ్ణెవణ్ణో తీసుకుంది. అనుకున్నట్టే అయింది. అమ్మయ్య అనుకున్నాడు. వంతు వచ్చాక జట్టుకి ఐదు నిమిషాల గడువు.

ప్రెస్టన్ ఆర్లిస్ పలకను చేతిలోకి తీసుకుని, చూసి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

"వీడి వెన్ను నాకు భయంగా ఉంది. మూడు వేరువేరు చోట్ల నుంచి విన్నాను."

డెల్బర్ట్ బల్ల దగ్గరికి వచ్చాడు. మన డాక్టర్లు ఫిబ్రవరిలో ఇక్కడికి రప్పించి తీసిన ఎక్స్‌రే శుభ్రంగా ఉంది కదా అన్నాడు. మూలనున్న డాక్టరు కూడా తలూపాడు. అది ఫిబ్రవరి సంగతి, ఆ తర్వాత ఏదో అయ్యుంటుంది, లేకపోతే ఇంతమంది ఎందుకంటారు అన్నాడు ప్రెస్టన్. మూడు చోట్లూ ఏవని డెల్బర్ట్ అడిగాడు. ఒకరు హోవీ, ఒకరు పక్క రాష్ట్రం జట్టులో స్నేహితుడు, ఒకరు ఎవరో ఏజెంటు. ముగ్గురి మాటా ఒక్కటే, ఆ వెన్ను సంగతి తేలితే అని. అక్షరం పొల్లుపోకుండా తన మాటే మూడు గుమ్మాలు ఎక్కి దిగి ఇంటికి తిరిగొచ్చింది.

గోడ మీద గడియారం ఇంకా మూడు నిమిషాలున్నట్టు చూపిస్తోంది. చెప్తే ఉద్యోగం పోతుంది. ఈ ఊళ్లోనే కాదు, ఇక ఏ జట్టూ గుమ్మం ఎక్కనివ్వదు. బెకెట్ ఫోర్క్‌లో టీవీ ముందు కూర్చున్న కుర్రాడు గుర్తొచ్చాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ప్రెస్టన్, ఆ మాట పుట్టించింది నేనే. వాడు మనదాకా రావాలని హోవీతో నేనే అన్నాను. అందులో నిజం లేదు."

ప్రెస్టన్ నవ్వాడు. వెటకారం కాదు, ముద్దొచ్చి నవ్వినట్టు నవ్వాడు. లేచి వచ్చి డెల్బర్ట్ భుజం మీద చెయ్యి వేశాడు.

"వాడంటే నీకెంత ఇష్టమో తెలుసు పెద్దాయనా. వాడి కోసం నీ నెత్తిన నువ్వే బురద పోసుకుంటున్నావు. ఈ పిచ్చి ప్రేమతోనే కదా, ఆ నలుగుర్నీ మా నెత్తిన పెట్టావు."

డెల్బర్ట్ ఒట్టేశాడు. హోవీకి ఫోన్ చేసి అడగమన్నాడు. హోవీ ఏనాడైనా ఎవరి పేరైనా బయటపెట్టాడా అని ప్రెస్టన్ అడిగాడు. బయటపెట్టడనే కదా తనూ అతని చెవిలో వేసింది. ఒక నిమిషం మిగిలుండగా టొలీడో ఎవరో డిఫెన్స్ కుర్రాడి పేరు చెప్పింది. ఆరో రౌండ్లో తమ వంతు ముందే ఇంకో జట్టుకి ఇచ్చేశారు. ఏడో రౌండ్లో బంతిని తన్నేవాణ్ణొకణ్ణి తీసుకున్నారు. ఇంకే జట్టూ ఆర్లిస్‌ని పిలవలేదు. డ్రాఫ్ట్ అయిపోయింది. డెల్బర్ట్ మరుగుదొడ్డిలోకి వెళ్లి చల్లటి నీళ్లతో మొహం రుద్దుకున్నాడు. అద్దంలోకి మాత్రం చూడలేదు.

బయటికొచ్చేసరికి అసలు సంత మొదలైంది. ఎవరూ ఎంచుకోని కుర్రాళ్లకు ఆ క్షణం నుంచి ఏ జట్టయినా ఫోన్ చేసి చవగ్గా రమ్మనొచ్చు. స్కౌట్లందరూ ఫోన్ల మీద పడ్డారు. ప్రెస్టన్ ఒక చీటీ తెచ్చి డెల్బర్ట్ చేతిలో పెట్టాడు, ఆర్లిస్ స్టిడమ్ అని రాసి. ఊరికే వస్తే వెన్నెలా ఉన్నా నష్టం లేదు, నువ్వంటే వాడికి గురి, తీపిగా మాట్లాడి రప్పించు, వీడొస్తే నీ ఒప్పందం సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. అని పక్కనే నిలబడ్డాడు.

మొదటి మోతకే ఫోన్ తీశారు.

"సార్, మీరేనా?" ఆర్లిస్ గొంతు బొంగురుగా ఉంది. ఇంకో రెండు జట్లు లైన్లో ఉన్నాయన్నాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదన్నాడు, మీ ఫోన్ కోసమే ఆగానన్నాడు. డెల్బర్ట్ అసలు విషయం ఎత్తబోతుంటే అడ్డుపడ్డాడు.

"సార్, ముందు ఒక్కటి చెప్పండి. నా వెన్నులో ఏముంది?"

"ఏమిటి?"

"ఎవరూ చెప్పట్లేదు. మీ డాక్టరు చూశాడు కదా. వారం రోజులుగా నొప్పి పెడుతోంది సార్. నడుం దగ్గర, ఎడంపక్క. ఇంతకుముందు లేదు, టీవీలో విన్నాకే తెలుస్తోంది. నేలమీదే పడుకుంటున్నా. బరువెత్తాలంటే చేతులు వణుకుతున్నాయి. అమ్మకి చెప్పలేదు. ఆపరేషన్ చేస్తే మళ్లీ నడుస్తానా?"

ఒంటిమీద చెయ్యి వెయ్యకుండా ఒక కుర్రాడి నడుం విరిచేశాను అనుకున్నాడు డెల్బర్ట్. పక్కన ప్రెస్టన్ కానివ్వమని సైగ చేస్తున్నాడు. మా డాక్టర్లు చూసుకుంటారు, నువ్వు బయల్దేరి రా అంటే చాలు, రేపు పొద్దున్నే వచ్చేస్తాడు. ఆర్లిసూ దక్కుతాడు, ఉద్యోగమూ దక్కుతుంది. ఏప్రిల్లో అందరూ చెప్పే మాటే.

"నీ వెన్నులో ఏం లేదు బాబూ," అన్నాడు డెల్బర్ట్. "ఎక్స్‌రే నేను కళ్లారా చూశాను. గుర్రానికి ఉండే వెన్ను నీది. ఆ పుకారు నేనే పుట్టించాను."

"అమ్మా!" అవతల కుర్రాడు ఫోన్ పక్కకు పెట్టి అరిచాడు. "ఏం లేదంట! నా వెన్నులో ఏం లేదంట!" కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో ఆడవాళ్లు దేవుణ్ణి తలుచుకోవడం, ఆర్లిస్ ఏడుస్తూ నవ్వడం, అన్నీ వినిపించాయి. కాసేపటికి ఫోన్ దగ్గరికి తిరిగొచ్చాడు.

"సార్, చివర్లో ఏదో అన్నారు. సరిగ్గా వినలేదు. ఎవరు పుట్టించారన్నారు?"

"నేను."

"మీరా?"

"నేనే ఆర్లిస్. నువ్వు మా జట్టుకే రావాలని. ఆ రెండు జట్లలో ఏది మంచిదో చూసుకుని వెళ్లు. నా దగ్గరికి రావద్దు."

ప్రెస్టన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఇప్పుడు నవ్వడం లేదు. కుర్రాడు తిట్టినా బాగుండేది. తర్వాత ఫోన్ చేతులు మారింది.

"క్రాస్ గారూ, నేను జెనీవాని." ఆమె ఇంకా ఏడుస్తోంది, సంతోషంతో. "మీ రుణం తీర్చుకోలేం. లోకమంతా ఒకటంటే మీరొక్కరే మావాణ్ణి నమ్మారు. వీడేమిటి, ఫోన్ నా చేతిలో పెట్టి అలా బయటికెళ్లిపోతున్నాడు?"

"జెనీవా గారూ, కాస్త కూర్చోండి," అన్నాడు డెల్బర్ట్. "మీకూ చెప్పాలి."