పదకొండు వందల పౌన్ల నీళ్ళు

మిషిగన్‌లో నవంబరు పదిహేను అంటే జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు ఫ్యాక్టరీల్లో సగం మందికి జ్వరం వస్తుంది, మిగతా సగం మందికి ఎప్పుడూ పేరు వినని మేనత్తలు పోతారు. వెర్న్ డైక్‌మాకి అలాంటి అబద్ధాలతో పనిలేదు. అతను పద్నాలుగో తారీకు మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి, మాకినా వంతెన దాటి, ఉత్తరాన అడవిలో ఉన్న తమ్ముడి చెక్క గుడిసె చేరతాడని ఆఫీసులో అందరికీ తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు. పెళ్ళిరోజు రెండుసార్లు మరిచిపోయాడు గాని ఇది మరవలేదు.

ఆ ఏడు పద్నాలుగో తారీకు ఒంటిగంటకు మీటింగు పెట్టారు.

సంగతి హ్యూరన్ గురించి. తొమ్మిదేళ్ళ కిందట కంపెనీ ఆపేసిన పికప్పు అది. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. వడ్రంగులు, పడవలున్నవాళ్ళు, ఇంటి ముందు పెద్ద ట్రక్కు పట్టని వాళ్ళు, తొమ్మిదేళ్ళూ ఉత్తరాలు రాసి రాసి కంపెనీ ప్రాణం తీశారు. చివరికి మళ్ళీ తెస్తున్నారు. అందులో టర్బో పెట్రోలు ఇంజను ఉండటం ఖాయం. దాని పక్కన డీజిల్ ఇంజను కూడా ఇవ్వాలా, వద్దా? ఆ రోజు తేల్చాల్సింది అదొక్కటే.

డీజిల్ ఇంజను ఇంజనీరు ఓడెట్ మేఫీల్డ్‌ది. కాగితాల మీద కంపెనీది, నిజానికి ఆమెది. ఏడేళ్ళు దాని వెంట తిరిగింది. ఆమె తండ్రి సాగినాలో ఇనుము కరిగించి ఇంజను దిమ్మెలు పోతపోసిన మనిషి, నలభై ఏళ్ళు అదే పని. ఈ ఇంజను దిమ్మె కూడా ఆ ఊళ్ళోనే పోయించాలని పట్టుబట్టి సాధించుకుంది. ఎవరైనా ఎంతవరకు వచ్చిందని అడిగితే, "ఏడేళ్ళ పిల్ల. ఇంకా బళ్ళో వెయ్యలేదు," అని నవ్వేది.

దాన్ని పరీక్షించే పని వెర్న్‌ది. సెప్టెంబరులో నెవాడా ఎడారికి తీసుకెళ్ళి, వెనక, బరువు కోసం నీళ్ళ తొట్లు బిగించిన ఆరువేల పౌన్ల ట్రైలరు కట్టి, పదమూడు మైళ్ళ కొండదారి ఎక్కించాడు. పై అంచు ఇంకా రెండు మైళ్ళుందనగా వేడి ముల్లు ఎరుపు గీత దాటింది. అంటే తప్పినట్టే. వారం ముందు పెట్రోలు ఇంజను అదే దారిన, వేరే ట్రైలరుతో, ఎరుపు గీత జోలికి పోకుండా ఎక్కేసింది. వెర్న్ షీటు నింపి సంతకం పెట్టాడు. అతని సంతకానికి ఆ కంపెనీలో ఎదురు లేదు. షీటు మీద బరువు దగ్గర 'ఆరువేలు' అని రాశాడు. తూకం వెయ్యలేదు. కాటా దగ్గర పదకొండు లారీలు వరసలో ఉన్నాయి, కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. ట్రైలరు తోలుకొచ్చినవాళ్ళు ఇచ్చిన కాగితంలో ఆరువేలని ఉంది కదా అనుకున్నాడు.

మీటింగు రోజు పొద్దున అతని బల్ల మీద ఒక కవరు పడింది. ఎడారిలో సామాను చూసే గ్లెండన్ పంపాడు. లోపల ఒక తూకం చీటీ, దాని వెనక పెన్సిలు రాత.

'వెర్న్, చలికాలం కదా, గడ్డకడతాయని నీ డీజిల్ ట్రైలరు నీళ్ళు వదిలేద్దామని చూశాను. ఖాళీగా ఉండాల్సిన వెనక తొట్టి నిండుగా ఉంది. పెద్ద ట్రక్కులు పరీక్షించేవాళ్ళు వాడుకుని ఖాళీ చెయ్యకుండా ఇచ్చినట్టున్నారు. తూకం వేస్తే పదకొండు వందలు ఎక్కువ చూపించింది. సెప్టెంబరు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నువ్వు పరీక్ష చేసినప్పుడు చూసుకున్నావా?'

చూసుకోలేదు. వెర్న్ ఆ చీటీని రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇది బయటపెడితే ఏమవుతుందో అతనికి క్షణంలో అర్థమైంది. పై అధికారి కెర్ మీటింగు ఆపేస్తాడు. కొత్త పరీక్షకి ప్రణాళిక కావాలంటాడు, ఇవాళే, ఇక్కడే. దాన్ని రాయాల్సింది వెర్నే. ట్రక్కులో తుపాకీ, నారింజ రంగు కోటు, పెళ్ళాం కట్టిచ్చిన మాంసం కూరిన పేస్టీ రొట్టెలు, అన్నీ సర్ది ఉన్నాయి. తమ్ముడు అప్పటికే పొయ్యి రాజేసి ఉంటాడు.

సోమవారం చెబుదాంలే అనుకున్నాడు. సోమవారానికి కొంపలేం మునుగుతాయి?

మీటింగులో కెర్ తొందరలోనే ఉన్నాడు. గదిలో పన్నెండు మంది, అందులో తొమ్మిది మందికి పొలిమేర దాటాలనే ఉంది. ఓడెట్ మాత్రం తీరిగ్గా కూర్చుంది. ఆమె ముందు ఒక పచ్చ ఫైలు, దాని మీద రెండు చేతులు.

"ఒక్కటే అడుగుతా," అంది, వెర్న్ వైపు తిరిగి. "నా లెక్కకీ నీ షీటుకీ ఎక్కడో పొసగట్లేదు. బరువు సరిగ్గానే ఉందా, వేటగాడా?"

ఆమె అతన్ని అలాగే పిలిచేది, ఇరవై ఏళ్ళుగా. గదిలో ఎవరో నవ్వారు. వెర్న్ గడియారం చూశాడు. రెండూ నలభై.

"సరిగ్గానే ఉంది ఓడెట్."

ఆమె ఒక క్షణం అతని ముఖంలోకి చూసి తల ఊపింది. పచ్చ ఫైలు తెరవకుండానే పక్కకి జరిపింది. "సరే అయితే," అంది. కెర్ చేతులెత్తమన్నాడు. డీజిల్ పోయింది. మూడింటికి అయిదు నిమిషాలుండగా వెర్న్ ట్రక్కు గేటు దాటింది.

సోమవారం చెప్పలేదు. పద్దెనిమిదో తారీకు అతను తిరిగొచ్చేసరికి సాగినాలో పోత పని ఆపెయ్యమని ఉత్తరం వెళ్ళిపోయింది. ఇప్పుడు చెబితే పరువు పోతుందనిపించింది. నెల తర్వాత చెబితే ఉద్యోగమే పోతుందనిపించింది. వసంతం వచ్చేసరికి ఓడెట్ ముందుగానే రిటైర్మెంటు తీసుకుంది. వీడ్కోలు కేకు ముక్క చేతిలో పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడితే, నోరు తెరిచి, "ఆరోగ్యం జాగ్రత్త," అని మాత్రం అనగలిగాడు. అంత చవట మనిషినని అతనికి అంతకుముందు తెలియదు. చీటీ చింపెయ్యలేదు, పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఎందుకంటే ఏం చెబుతాడు!

రెండేళ్ళు గడిచాక మే నెలలో ఓడెట్ ఫోను చేసింది.

"వేటగాడా, హ్యూరన్ కొన్నాను. నీలం రంగుది. శనివారం వచ్చి చూసిపో. రూబార్బు కాడలు కూరి తీపి పై చేస్తా."

వెర్న్ వెళ్ళాడు. సాగినాలో ఆమె తండ్రి ఇల్లే అది, పాత పోత కర్మాగారానికి నాలుగు వీధుల అవతల. వాకిట్లో నీలం హ్యూరన్ మెరుస్తోంది. ఓడెట్ బానెట్ ఎత్తి పెట్టి, ఇంజను ఆన్ చేసి, చెవి ఒగ్గి వింటోంది. వరండా మెట్ల మీద రూబార్బు పై, రెండు పళ్ళేలు పెట్టి ఉన్నాయి.

"విను," అంది. "బాగుంది కదూ? కుట్టుమిషనులా ఆడుతోంది. మొదట్లో దీని మొహం చూడకూడదనుకున్నా. షోరూము ముందునుంచి వెళ్తే తల తిప్పుకునేదాన్ని, సవతిని చూసినట్టు."

"మరి ఎందుకు కొన్నావు?"

"గెలిచింది కదా, దీన్ని గౌరవించాలి." నవ్వింది. "నీకొకటి చెప్పనా? ఆరోజు నా పచ్చ ఫైల్లో ఏముందో తెలుసా? పరీక్ష మళ్ళీ పెట్టమని అర్జీ. సంతకం కూడా చేసి తెచ్చుకున్నా. కెర్ కాదంటే అతని పైవాడి దగ్గరికి పోదామని. నా లెక్కలు అంత పక్కాగా ఉన్నాయి మరి."

వెర్న్ ఇంజను వైపే చూస్తూ అడిగాడు.

"ఇవ్వలేదేం?"

"నువ్వు సరిగ్గానే ఉందన్నావుగా. ఇంకొకడైతే నమ్మేదాన్నా? కెర్ చెబితే చచ్చినా నమ్మను. నువ్వన్నావు కాబట్టి నా లెక్కే తప్పనుకున్నా." గుడ్డతో చేతులు తుడుచుకుంది. "నాన్న పోయేముందు అడిగాడు, మన దిమ్మె ఏమైందే అని. న్యాయంగా ఓడిపోయాం నాన్నా అన్నా. ఆయన కూడా సరేనన్నాడు."

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. పై తిని, బాగుందని చెప్పి, ఇంటికి పోవచ్చు. ఆమె ప్రశాంతంగా ఉంది, ఇతనికి ఇంకా రెండేళ్ళ ఉద్యోగం ఉంది. కానీ ఆ ముసలాయన సరేనన్నాడన్న మాట వెర్న్ తట్టుకోలేకపోయాడు. పర్సు తీసి, మడతల దగ్గర చిరుగుపట్టిన చీటీని ఆమెకి ఇచ్చాడు.

ఓడెట్ ముందు తూకం చదివింది, తర్వాత వెనక్కి తిప్పి పెన్సిలు రాత చదివింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తూకం చూసింది. పెదాలు కదులుతున్నాయి. లెక్క కట్టడానికి ఆమెకి ఎప్పుడూ కాగితం అక్కర్లేదు.

"ఎక్కేసేది," అంది మెల్లగా. "పైదాకా ఎక్కేసేది. ఎరుపు గీతకి ఇంకా నాలుగు డిగ్రీలు మిగిలుండగానే."

"ఎక్కేసేది."

"ఇది నీకెప్పుడు వచ్చింది?"

"మీటింగు రోజు పొద్దున."

"నేనడగక ముందే."

"ముందే. జేబులో ఉంది."

ఓడెట్ చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపేసింది. వీధి చివర ఎవరో పచ్చిక కోస్తున్న మోత వినిపించింది. వెర్న్ ఈ రెండేళ్ళలో ఎన్నో కారణాలు తయారుచేసుకున్నాడు. కెర్ ఒప్పుకునేవాడు కాదని, డీజిల్‌కి ఎలాగూ రోజులు పోయాయని, పొగ చట్టాలు బిగుస్తున్నాయని. అన్నీ బాగా అతికే కారణాలే.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఓడెట్.

"మూడింటికి బయల్దేరాల్సి ఉంది."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తారీకు గుర్తొచ్చినట్టుంది, చీటీ వైపు చూసి, అతని వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని ఉంది.

"ఇంతకీ ఆ ఏడు జింక పడిందా, వెర్న్?"

"లేదు," అన్నాడు. "మూడు రోజులూ మంచు కురిసింది. ఒక్కటీ రాలేదు."

ఓడెట్ తల ఊపింది, ఆరోజు మీటింగులో ఊపినట్టే. చీటీని దాని మడతల్లోనే మడిచి తన చొక్కా జేబులో పెట్టుకుంది. బానెట్ దించి అరచేత్తో నొక్కి మూసింది. తర్వాత మెట్ల మీద ఉన్న రూబార్బు పై, రెండు పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.