హేమ సేతికి కట్టిన పసుపు పీలిక

నాకు కోపం ముక్కుమీదే ఉంటాది. నా దగ్గరకొచ్చే గుంటలందరికీ అది తెలుసు. కానీ ఆ శనివారం వచ్చిన కోపం వేరు. అందులో సగం నామీదే.

విజయనగరంలో పొద్దున్న ఐదున్నరకి పన్నెండుమంది గుంటలకి టెన్నిస్ నేర్పుతాను. మొదటి నెల రాకెట్టు ముట్టనివ్వను. ఒక సేత్తో బంతి నేలకి కొడతా రెండో సేత్తో ఇంకోటి ఎగరెయ్యాలి. తరవాత నేను రెండు సేతుల్లో రెండు బంతులు పట్టుకొని నిలబడతాను. ఏది వదుల్తానో ముందు సెప్పను. అది రెండోసారి నేలని తాకేలోపు పట్టుకోవాలి. కన్నూ సెయ్యీ కలిసి పనిసేస్తే ధ్యాస దానంతటదే కుదురుతాది. ఊరికే ‘ధ్యాస పెట్టు’ అని అరిస్తే ఏ గుంటకీ కుదరదు. ఇది తెలిసి కూడా నేను హేమ మీద అరిసినాను.

హేమకి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న విజయ్‌కుమార్ గారిది బజార్లో ఇత్తడి సామాన్ల కొట్టు. హేమ రోజూ అందరికంటే ముందొచ్చి, నేను గేటు తాళం తీసేదాకా నిలబడుంటాది. ఆటంటే అంత ఇష్టం. బంతి వదిలితే మాత్రం బిగుసుకుపోతాది. ఎడంసెయ్యి కాస్త లేస్తాది, ఆగిపోతాది, కుడిసెయ్యి వచ్చేసరికి బంతి ఎళ్ళిపోతాది. "ఏటే, బుర్ర ఎక్కడెట్టినావే?" అని మూడు వారాలు అందరి ముందూ తిట్టినాను. సిగ్గులేదు నాకు.

హేమ ఎడం మణికట్టుకి పసుపు గుడ్డపీలిక ఒకటి కట్టుండేది. వాళ్ళింటి మొక్కు కాబోలనుకున్నాను. మాది బాప్టిస్టు క్రైస్తవుల ఇల్లు, ఒకళ్ళ మొక్కుల సంగతి మనకెందుకని అడగలేదు. అదే నా తప్పు.

శుక్రవారం సెమటకి ముడి బిగిసి మణికట్టు కందిపోయుంటే నేనే విప్పినాను. హేమ గాభరా పడిపోయి, నానమ్మ కొడతాదని ఏడుపు మొదలెట్టినాది. బుజ్జగించి అడిగితే సంగతి బయటపడినాది. ఈ గుంటది ఎడంసేతి వాటం. కొట్లో ఎడంసేత్తో సామాను అందిస్తే లక్ష్మి ఎళ్ళిపోతాదని వాళ్ళ నానమ్మ పార్వతీదేవి గారు నాలుగో ఏటే ఆ పీలిక కట్టినారు. ఎడంసెయ్యి ముందుకొస్తే సాలు, పీలిక పట్టుకొని వెనక్కి లాగడమే. నాకు ఒళ్ళు మండిపోయినాది. పీలిక జేబులో ఏసుకొని పది బంతులు వదిలినాను. ఎనిమిది పట్టినాది, అన్నీ ఎడంసేత్తోనే.

శనివారం విజయ్‌కుమార్ గారు స్కూటరు మీద వచ్చినారు. నెల కావస్తున్నా రాకెట్టు లేదు, ధ్యాసా రాలేదు, ఈ బంతులాట ఇంట్లోనే ఆడుకుంటాది, ఇవాళ్టితో మానిపించేస్తానన్నారు. పైగా పీలిక ఎవరు విప్పమన్నారని నన్ను నిలదీసినారు. హేమ నెట్టు పట్టుకొని అలగే నిలబడిపోయినాది. ఒక్కసారి సూసి ఎళ్ళండని బతిమాలినాను. మొదటి బంతి ఠక్కున ఎడంసేత్తో పట్టినాది. రెండోదానికి ఎడంసెయ్యి లేచేసరికి ఆయన, "సెయ్యి" అన్నారు. గట్టిగా కూడా కాదు. బంతి దొర్లుకుంటా ఎళ్ళిపోయినాది. సూసినారా మేడమ్, ధ్యాసేదీ, అన్నారాయన.

ఇంక నాకు కళ్ళు కనబడలేదు.

"అది ధ్యాస లేకపోవడం కాదండీ, భయం. ఐదేళ్ళనుంచీ మీ ఇంట్లో నేర్పింది అదే," అని సేతిలో ఉన్న బంతి ఆయన మీదకి విసిరేసినాను. గుంటలందరి ముందూ, ఒక తండ్రి మీదకి. తప్పే, కాదనను.

ఆయన పట్టేసినారు, మొహానికి తగలబోయే ముందు. కుడిసెయ్యి ఖాళీగానే ఉన్నాది. పట్టింది ఎడంసేత్తో.

ఆయన బంతిని కాదు, తన సేతినే సూసుకుంతన్నారు. ఆ సేతి వెనక, వేళ్ళ మొదట్లో, అట్లకాడ వెడల్పున పాత వాత మచ్చ ఉన్నాది. హేమ ఆయన దగ్గరకెళ్ళి ఆ మచ్చ మీద వేలెట్టినాది.

"నాన్నా, నీక్కూడా నానమ్మేనా?"

ఆయన హేమకి బంతి ఇవ్వబోయి, అలవాటుగా కుడిసేతిలోకి మార్చుకున్నారు. అక్కడ ఆగినారు. మళ్ళీ ఎడంసేతిలోకి తీసుకొని, హేమ ఎడంసేతిలో పెట్టినారు.

నా కోపం తగ్గలేదు. పీలిక ఇంకా నా జేబులోనే ఉన్నాది. ఆయన మాత్రం దాన్ని అడగలేదు. ఇంకో బంతి వదలండి మేడమ్ అన్నారు.